అతిమధురం వేరు వెంట

పచారీ కొట్టులో అతిమధురం అడిగితే గోధుమరంగు పుల్లలు నాలుగు కాగితంలో చుట్టి ఇస్తారు. గొంతు బొంగురుపోతే ఓ ముక్క బుగ్గన పెట్టుకోవడం, దగ్గుకు కషాయం కాచుకోవడం తెలుగిళ్లలో పాత అలవాటే. నమిలితే ముందు కట్టె రుచి తగులుతుంది. ఆ వెనక వచ్చే తీపి చాలాసేపు నాలుకను వదలదు. అది చక్కెర తీపి కాదు, గ్లైసిరైజిన్ అనే పదార్థానిది. చక్కెరకన్నా 50 రెట్ల దాకా తియ్యగా ఉంటుంది.

ఆ పుల్ల ఏ నేలలో పెరిగిందో అమ్మేవాళ్లు చెప్పలేరు, కొనేవాళ్లు అడగరు. మన దేశంలో వాడే అతిమధురంలో చాలా భాగం అఫ్ఘానిస్తాన్, ఇరాన్ వంటి పొడినేలల దేశాల నుంచి దిగుమతి అవుతుంది. మందు గుణం గురించి ఇంతగా మాట్లాడుకునే మనం మందు మొక్క పుట్టుక గురించి ఇంత తక్కువగా ఎందుకు పట్టించుకుంటాం? ఈ ప్రశ్నను తీరిగ్గా కాక అవసరం కొద్దీ అడగవలసి వచ్చిన దేశం జపాన్. అక్కడ ఒక విశ్వవిద్యాలయం ఉద్యానశాస్త్రాన్నీ, సంప్రదాయ వైద్యాన్నీ, పర్యావరణ ఆరోగ్యాన్నీ ఒకే ఆవరణలోకి తెచ్చింది. అతిమధురం వేరును పట్టుకుని వెళితే ఆ ఆవరణకే చేరతాం.

జపాన్ సంప్రదాయ వైద్యాన్ని కంపో అంటారు. చైనా నుంచి వచ్చి, శతాబ్దాల పాటు జపాన్ నేల మీద తనదైన రూపు దిద్దుకున్న వైద్యం. అందులో ఒంటరి మూలికలకు చోటు తక్కువ, అన్నీ కూర్పులే. జలుబు మొదలవుతుండగా ఇచ్చే కక్కోంటోనే చూడండి. కుడ్జు తీగ దుంప (మన నేలగుమ్మడికి చుట్టం), ఎఫిడ్రా, దాల్చినచెక్క, పియోనీ వేరు, అల్లం, గంగరేగుకు దగ్గరి జాతి ఎండుపండు, అతిమధురం: మొత్తం ఏడు దినుసులు. ఇలాంటి కూర్పులు 148 జపాన్ జాతీయ ఆరోగ్య బీమా పరిధిలో ఉన్నాయి. 1976లో వాటిని పెద్ద ఎత్తున బీమాలో చేర్చారు. వాటిలో దాదాపు 70 శాతం కూర్పుల్లో అతిమధురం ఉంటుంది. అంటే ఆ ఒక్క వేరు దొరక్కపోతే కంపో వైద్యంలో మూడింట రెండొంతులకు పైగా ఆగిపోతుంది.

దొరకడం మాత్రం కష్టమైంది. జపాన్ వాడే మూలికల్లో సుమారు 80 శాతం చైనా నుంచి వస్తాయి. అతిమధురం సొంత ఊరు చైనా వాయవ్యంలోని పొడి మైదానాలు, లోపలి మంగోలియా, నింగ్‌షియా, గాన్సు, షిన్‌జియాంగ్. వాన అతి తక్కువ పడే ఆ ఇసుకనేలల్లో ఈ మొక్క వేళ్లు మీటర్ల లోతుకు దిగి, పక్కలకు పాకి, మట్టిని కదలకుండా పట్టి ఉంచుతాయి. మందు ఉన్నది ఆ వేళ్లలోనే. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది. వేరు తవ్వితే మొక్క పోతుంది, దానితోపాటు ఇసుకకు ఉన్న కట్టూ తెగిపోతుంది. ఏళ్ల తరబడి సాగిన తవ్వకాలు పచ్చిక మైదానాలను గుంటలమయం చేశాయి, గాలికి ఇసుక లేవడం మొదలైంది. చివరికి 2000 సంవత్సరంలో చైనా ప్రభుత్వం అడవి అతిమధురం, ఎఫిడ్రాల విచ్చలవిడి తవ్వకాన్ని అరికట్టాలని ఆదేశమిచ్చింది. పండగ వంటల్లో వాడే, నల్లని జుట్టు పోగుల్లాంటి ఫాచాయ్ నాచు సేకరణను కూడా అదే ఆదేశంతో పూర్తిగా నిషేధించింది. దాన్ని గీరి తీసేటప్పుడూ పైమట్టి లేచిపోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. టోక్యోలో ఒకరి దగ్గు తగ్గడానికీ, గోబీ ఎడారి అంచున ఒక పశువుల కాపరి మేత బీడు పోవడానికీ మధ్య ఉన్న దారం ఆ వేరే. సంప్రదాయ వైద్యం ప్రకృతికి దగ్గరగా ఉంటుందని చాలామంది నమ్మకం. వాడేవాళ్లు కోట్లలో ఉన్నప్పుడు, మొక్కలు అడవి నుంచే రావలసి ఉన్నప్పుడు, ఆ వైద్యం ప్రకృతిని ఖాళీ చేయగలదు కూడా. మూలికా వైద్యం మీద గౌరవం ఉన్నవాళ్లే ఈ మాట ముందుగా చెప్పాలని నా అభిప్రాయం.

జపాన్‌కు ఈ ఇబ్బంది కొత్తది కాదు. 18వ శతాబ్దంలో షోగన్ (సైనిక పాలకుడు) తొకుగావా యోషిమునే దిగుమతి మందుల మీద ఆధారపడటం తగ్గించాలని మూలికల కోసం దేశమంతా గాలింపజేశాడు. నేటి యమనాషి రాష్ట్రంలోని కోషూలో తకానో కుటుంబం పెరట్లో అతిమధురం ఉన్నట్టు తేలింది. 1720 నుంచి ఆ తోటను షోగన్ ప్రభుత్వం రక్షణలోకి తీసుకుంది. ఆ ఇల్లు ఇప్పటికీ అతిమధురం ఇల్లుగానే పేరుమోస్తోంది. రాజధాని ఎడోలో, అంటే నేటి టోక్యోలో, కొయిషికావా అనే చోట 1684 నుంచి ప్రభుత్వ మూలికావనం ఉండేది. 1722లో ఆ వనం లోపలే పేదల కోసం వైద్యశాల తెరిచారు. తోట, వైద్యుడు, రోగి ఒకే ప్రహరీ లోపల. ఆ వనం తర్వాత టోక్యో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఉద్యానం అయింది. వైద్యశాల లేకుండా పోయింది. మెయిజీ చక్రవర్తి కాలంలో పాశ్చాత్య వైద్యం చదివినవాళ్లకే లైసెన్సు అన్న నియమం రావడంతో కంపో విశ్వవిద్యాలయాల గడప బయటే చాలాకాలం నిలబడింది. ఇప్పుడు కంపో మందు రాసేది ఆధునిక వైద్యం చదివిన డాక్టర్లే. మనకున్నట్టు వేరే పట్టా, వేరే కళాశాల అక్కడ లేవు.

టోక్యోకు ఈశాన్యంగా చిబా రాష్ట్రంలో కాషివా నగరం ఉంది. దాని శివారులో కాషివానోహా అనే ప్రాంతం యుద్ధకాలంలో సైనిక విమానాశ్రయం. యుద్ధం తర్వాత అమెరికా సేనల సమాచార కేంద్రం. 1979లో ఆ నేల తిరిగి జపాన్ చేతికొచ్చింది. అక్కడ 2003లో చిబా విశ్వవిద్యాలయం పర్యావరణం, ఆరోగ్యం, క్షేత్రశాస్త్రాల కేంద్రాన్ని నెలకొల్పింది. ఈ పని ఆ విశ్వవిద్యాలయానికే చెల్లడానికి కారణం ఉంది. మత్సుదోలో 1909లో మొదలైన ఉద్యాన పాఠశాల దాని అంగాల్లో ఒకటి, పాత చిబా వైద్య కళాశాల మరొకటి. 1949లో రెండూ ఒకే విశ్వవిద్యాలయంలోకి వచ్చాయి. కొత్త కేంద్రంలో పంటపొలాలు, గాజు ఇళ్లు, మొక్కల కర్మాగారాలు, కంపో వైద్యశాల పక్కపక్కనే వెలిశాయి. వైద్యుడు నడిచి వెళ్లి మొక్కను చూడగలడు. మొక్కను పెంచేవాడు అది ఎవరికి, ఎందుకు, ఎంత ఇస్తున్నారో వెళ్లి అడగగలడు.

మొక్కల కర్మాగారం అన్న మాట చెవికి కటువుగా ఉంటుంది కానీ అందులో చెప్పుకోదగ్గ శాస్త్రం ఉంది. తర్వాతి కాలంలో చిబా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా కూడా పనిచేసిన తొయోకీ కోజాయ్ ఈ రంగంలో పెద్ద పేరు. ఆయన పద్ధతిలో గది గోడలు వేడిని, గాలిని రానివ్వవు, పోనివ్వవు. లోపల అరల మీద మొక్కలు, పైన దీపాలు, వేళ్లకు పోషకాలు కలిపిన నీరు. మొక్క తాగిన నీటిలో అతి కొద్ది భాగమే దాని ఒంట్లో నిలుస్తుంది. మిగిలినదంతా ఆకుల నుంచి ఆవిరై పోతుంది. పొలంలో ఆ ఆవిరి గాలిపాలు. మూసిన గదిలో అది ఏసీ తీగచుట్ట మీద నీరై చేరుతుంది, దాన్ని పట్టి మళ్లీ వేళ్లకే పోస్తారు. అందువల్ల గాజు ఇంటి సాగుతో పోల్చినా నీటి వాడకం ఎన్నో రెట్లు తగ్గుతుంది. బదులుగా కరెంటు ఖర్చు పెరుగుతుంది. వరి, గోధుమలను ఇలా పండించడం గిట్టుబాటు కాదు. ఆకుకూరలకూ, నారుకూ, ఖరీదైన మందు మొక్కలకూ సరిపోవచ్చు.

అతిమధురం విషయంలో చిక్కు వేరే చోట ఉంది. మొక్కకు గ్లైసిరైజిన్ రోజువారీ బతుకుకు కావలసిన పదార్థం కాదు. పిండి, మాంసకృత్తులు, కొవ్వులు ప్రాథమిక పదార్థాలైతే, ఇలాంటివి ద్వితీయ జీవక్రియల ఫలాలు. పురుగునూ, బూజునూ, కరవునూ తట్టుకునే క్రమంలో మొక్కలు ఇలాంటి రసాయనాలు తయారుచేసుకుంటాయి. మనం మందు గుణం అని పిలిచేది చాలాసార్లు ఆ మొక్క పడిన కష్టానికి గుర్తు. నీడపట్టున, కడుపునిండా ఎరువు, నీరు పోసి పెంచితే మొక్క ఏపుగా ఎదిగి, మందు పలచబడే ప్రమాదం ఉంది. వేరు ఎంత బరువు తూగిందన్నది ఉద్యాన నిపుణుడి లెక్క. అందులో గ్లైసిరైజిన్ ఎంత శాతం ఉందన్నది మందుల ప్రమాణ గ్రంథం లెక్క. జపాన్ ప్రమాణ గ్రంథం ఒకప్పుడు కనీసం 2.5 శాతం ఉండాలనేది, తర్వాత దాన్ని 2 శాతానికి సడలించింది. ఈ రెండు లెక్కలూ ఒకే వేరులో కుదరాలి.

2010లో చిబా విశ్వవిద్యాలయం, కజిమా అనే నిర్మాణ సంస్థ, జపాన్ జాతీయ జీవవైద్య పరిశోధనా సంస్థ కలిసి మట్టి లేకుండా పోషకజలంలో అతిమధురం పెంచే పద్ధతిని ప్రకటించాయి. నీటిలో వేరుకు అడ్డు ఉండదు. తోసుకుని వెళ్లవలసిన మట్టి లేకపోవడంతో సన్నటి పీచులా సాగిపోతుంది తప్ప లావెక్కదు. లావెక్కని వేరు మందుకు పనికిరాదు. వేరుకు మట్టి ఇచ్చే ఒత్తిడి లాంటిది మరో విధంగా కల్పించడం, గ్లైసిరైజిన్ ఎక్కువగా చేసే మొక్కలను ఏరి వాటి నుంచే పిలకలు తీయడం: పరిశోధకుల పట్టుదలంతా ఈ రెండు పనుల మీద నడిచింది. పొలంలో మూడు నాలుగేళ్లు పట్టే పంట ఏడాది, ఏడాదిన్నరలో చేతికొచ్చే దారి కనిపించింది. ఇంత చేసినా పొలంలో పండిన వేరు ధరతో పోటీ పడటం ఇంకో యుద్ధం. అయినా దీన్ని పెద్ద అడుగుగానే లెక్కించాలి. ఎడారి అంచున తవ్వక తప్పని వస్తువుగా ఉన్న వేరును, ఏ పరిస్థితిలో ఎంత మందు చేరుతుందో కొలిచి పెంచగల పంటగా చూడటం అక్కడ సాధ్యమైంది.

కొలత ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఆ వేరు మన ఒంట్లో ఏం చేస్తుందో చూడాలి. మూత్రపిండాల్లో ఉప్పును పట్టి ఉంచమని ఆజ్ఞ ఇచ్చే హార్మోన్ ఆల్డోస్టెరాన్. అది వచ్చి తాకే గ్రాహకాలను కార్టిసాల్ అనే మరో హార్మోన్ కూడా తాకగలదు. రక్తంలో కార్టిసాల్ ఆల్డోస్టెరాన్‌కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అది ఇష్టారాజ్యంగా తాకుతూ పోతే ఒంట్లో ఉప్పు పేరుకుపోతుంది. అందుకే మూత్రపిండ కణాల్లో ఒక ఎంజైము కాపలా ఉంటుంది. వచ్చిన కార్టిసాల్‌ను వచ్చినట్టే కార్టిసోన్‌గా మార్చి పనిచేయకుండా చేస్తుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ పేగుల్లోని సూక్ష్మజీవుల చేతిలో గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారి, రక్తంలోకి చేరి, సరిగ్గా ఆ కాపలా ఎంజైమునే అడ్డుకుంటుంది. దాంతో ఉప్పు నిలుస్తుంది, పొటాషియం పోతుంది, రక్తపోటు పెరుగుతుంది. కాళ్లు వాస్తాయి, కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పే స్థితి కూడా రావచ్చు. రోజూ అతిమధురం కషాయం తాగే బీపీ రోగులు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు ఈ విషయం తమ డాక్టరుతో తప్పక మాట్లాడాలి. ఎప్పుడో ఒక ముక్క నమిలినవాళ్లు భయపడనక్కర్లేదు.

మూలికలు కదా, ఏం చేస్తాయిలే అనుకునే ధీమాకు జపాన్ పెద్ద మూల్యమే చెల్లించింది. షో-సైకో-టో అనే కూర్పును కాలేయ వ్యాధులకు విరివిగా వాడేవారు. కొందరు రోగుల్లో ఊపిరితిత్తుల కణజాలం వాచే ప్రమాదకరమైన జబ్బు కనిపించింది. 1996లో జపాన్ ఆరోగ్య శాఖ అత్యవసర హెచ్చరిక జారీ చేసేనాటికి 88 కేసులు నమోదై, అందులో 10 మంది చనిపోయారు. ఇంటర్‌ఫెరాన్ చికిత్సతో కలిపి ఆ మందు ఇవ్వకూడదని అప్పటికే నియమం పెట్టారు. ఈ సంగతి బయటపడింది కంపో మందులు కూడా బీమాలో, ఆసుపత్రి రికార్డుల్లో, దుష్ఫలితాల నమోదు వ్యవస్థలో ఉండటం వల్ల. లెక్క రాయని చోట కూడా ఇలాంటి చావులు జరుగుతాయి, ఎవరికీ కనబడకుండా.

ఇప్పుడు కార్టిసాల్‌నే పట్టుకుని అదే ఆవరణలోని మరో పరిశోధన దగ్గరికి వెళదాం. ఒత్తిడి పెరిగినప్పుడు అడ్రినల్ గ్రంథులు ఈ హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. లాలాజలంలో కూడా దాన్ని కొలవచ్చు, సూది అక్కర్లేదు. 1982లో జపాన్ అటవీ శాఖ అడవి స్నానం పేరుతో ప్రజలను అడవుల్లోకి పిలిచింది. అప్పటికి దాని వెనక కొలతలు లేవు. 1990లో యకుషిమా ద్వీపంలోని సీడర్ అడవుల్లో తొలిసారి శరీరధర్మ కొలతలు తీసిన యోషిఫుమి మియజాకి తర్వాత చిబా విశ్వవిద్యాలయ కేంద్రానికి వచ్చారు. ఆయన బృందం 24 అడవుల్లో, మొత్తం 280 మందితో చేసిన ప్రయోగాల ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఒక్కో చోట దాదాపు పన్నెండుమంది యువకులు. మొదటిరోజు సగంమంది అడవికి, సగంమంది ఊళ్లోకి. రెండోరోజు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. కాసేపు కూర్చుని చూడటం, కాసేపు నడవడం. ఉదయం కార్టిసాల్ సహజంగానే ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది. కాబట్టి వేళ కలవకుండా పోల్చితే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

అడవిలో ఉన్నప్పుడు లాలాజలంలో కార్టిసాల్ తగ్గింది. నాడి నెమ్మదించింది, రక్తపోటు కొద్దిగా దిగింది. గుండె కొట్టుకోవడం గడియారంలా సమంగా ఉండదు. ఊపిరి పీల్చినప్పుడు వేగం కాస్త పెరిగి, వదిలినప్పుడు తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను విశ్లేషిస్తే విశ్రాంతినిచ్చే సహసహానుభూత నాడులు ఎంత చురుగ్గా ఉన్నాయో అంచనా కట్టవచ్చు. అడవిలో అవి చురుకయ్యాయి, పోరాటానికి సిద్ధం చేసే సహానుభూత నాడులు సద్దుమణిగాయి.

అడవి దాకా పోలేనివాళ్ల మాటేమిటి? మియజాకి బృందం ఆఫీసు ఉద్యోగుల ముందు వాసన లేని గులాబీలను నాలుగు నిమిషాలు ఉంచి కొలిచింది. మరో ప్రయోగంలో 24 మంది యువకులు ఒకసారి కంప్యూటరు పని చేశారు, ఒకసారి కుండీలోని మొక్కను తీసి వేరే కుండీలో నాటారు. మట్టి పని చేసినప్పుడు రక్తపోటు కింది అంకె, సహానుభూత నాడుల ఉద్రేకం తక్కువగా కనిపించాయి.

ఈ ఫలితాలు నాకు సంతోషం కలిగిస్తాయి. అందుకే వాటి హద్దులు కూడా చెప్పాలి. ఇవి కొద్ది నిమిషాలు, ఒకటి రెండు రోజులు కొలిచిన మార్పులు. పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్న యువకులు. అరవై ఏళ్ల మధుమేహ రోగికి, రోజంతా పొలంలో వంగి పనిచేసే కూలి మహిళకు ఇవే అంకెలు వర్తిస్తాయని చెప్పలేం. పైగా మందు ప్రయోగంలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చినట్టు ఉత్తుత్తి అడవిని చూపించలేం. అడవిలో ఉన్నానని మనిషికి తెలిసిపోతుంది, ఆ తెలియడమే కొంత పని చేసి ఉండవచ్చు. అడవి ఒత్తిడిని తగ్గిస్తుందని ధైర్యంగా చెప్పవచ్చు. జబ్బు నయం చేస్తుందని చెప్పడానికి ఈ ప్రయోగాలు చాలవు.

మొక్కల గురించి ప్రేమగా ప్రచారమయ్యే మరో మాట ఉంది. కుండీ మొక్కలు గదిలోని విషవాయువులను పీల్చేస్తాయని. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రయోగం దానికి మూలం. అది మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగడితే, మామూలు భవనంలో గాలి మారడం వల్ల జరిగే శుభ్రతకు సాటి రావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. కొత్త ఇళ్ల ప్లైవుడ్, జిగురు, రంగుల నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వల్ల తలనొప్పి, కళ్లమంటలతో బాధపడేవాళ్లు జపాన్‌లో పెరిగితే, ఆ దేశం 2003లో భవన చట్టాన్ని సవరించింది. ఆ వాయువును వదిలే సామగ్రికి పరిమితులు పెట్టింది, ఇళ్లలో గాలి మార్పిడిని తప్పనిసరి చేసింది. కాషివానోహా ఆవరణలోనే 2007 నుంచి రసాయనాలు అతి తక్కువగా వాడి కట్టిన ఇళ్లలో చిబా పరిశోధకులు అధ్యయనాలు చేశారు. గాలి బాగుండాలంటే కిటికీ, జిగురు డబ్బా ముఖ్యం. మొక్కను మనసు కోసం పెంచుకోవచ్చు.

మన దగ్గర ఉద్యాన విద్య, సంప్రదాయ వైద్యం, అడవి ఎరుక అన్నీ ఉన్నాయి, మూడు దారుల్లో. ఉద్యాన విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో తాడేపల్లిగూడెం దగ్గరి వెంకటరామన్నగూడెంలో, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. ఆయుర్వేద కళాశాలలు విజయవాడలోనూ, హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, మరి కొన్నిచోట్లా ఉన్నాయి. అవి ఆరోగ్య విశ్వవిద్యాలయాల కింద నడుస్తాయి. అడవి మూలికలు ఏరి తెచ్చేది నల్లమలలోని చెంచులు, తూర్పు కనుమల గిరిజనులు. వాళ్లు ఏ విశ్వవిద్యాలయం కిందికీ రారు. ఏ మూలిక ఏటేటా తగ్గిపోతోందో ముందుగా తెలిసేది మాత్రం వాళ్లకే.

నేలవేమునే తీసుకోండి. చేదులకే చేదైన ఈ మొక్కలోని ఆండ్రోగ్రాఫోలైడ్ శాతం పూత దశకు వచ్చేసరికి ఎక్కువగా ఉంటుంది. కోత ఆలస్యమైతే తగ్గుతుంది. బరువుకు డబ్బిచ్చే వ్యాపారి ఆ తేడా చూడడు, కాబట్టి రైతుకూ చూడవలసిన అవసరం రాదు. ఏ మండలం మట్టిలో, ఏ నెలలో కోసిన నేలవేములో ఆ చేదు ఎంత ఉందో ఉద్యాన విశ్వవిద్యాలయం కొలవాలి. ఎంత ఇస్తే ఎవరికి ఏ మేలు జరిగింది, ఏ కీడు జరిగిందన్నది ఎర్రగడ్డ ఆసుపత్రి రాయాలి. ఆ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద తెరిచి చూడాలి. అడవిలో ఆ మొక్క ఎంత మిగిలిందో చెప్పడానికి చెంచు పెద్దను కూడా ఆ బల్ల దగ్గరికి పిలవాలి, ఆయన వచ్చిన రోజుకు కూలి కట్టి ఇవ్వాలి.